ఒంటికాలి మీద నిలబడలేకపోతే జబ్బు వచ్చేసినట్టేనా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపూర్. నాన్న దర్జీ. 43వ ఏట నుంచి నడక తూలడం మొదలైంది, ఇప్పుడు 54. మిషన్ పెడల్ మీద కాలు కుదరక కుట్టుపని మానేశారు. మాట ముద్దగా వస్తోంది. పక్కకు చూడాలంటే కళ్ళు తిప్పరు, తలంతా తిప్పుతారు. మా తాతయ్య కూడా ఇలాగే తూలుతూ నడిచేవారట. ఊళ్ళో తాగుబోతు అనేవారట. ఆయన చుక్క కూడా ముట్టేవారు కాదని నాయనమ్మ చెప్పేది. పోయిన ఏడాది వైజాగ్‌లో నాన్నకు రక్తపరీక్ష చేసి ఎస్‌సీఏ2 అన్నారు, వంశంలో వచ్చే జబ్బన్నారు. నాకు 31, తమ్ముడికి 27. వాడు ఇళ్ళకు రంగులు వేస్తాడు. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడితే మెదడు జబ్బు ముందే తెలిసిపోతుందని ఫోన్‌లో ఏదో వీడియో చూశాడు. అప్పటి నుంచి రోజూ పని నుంచి వచ్చాక నిలబడి చూసుకుంటున్నాడు. ఎనిమిది సెకన్లు దాటడం లేదు. "నాకూ వచ్చేసిందక్కా" అంటున్నాడు. పర్లాకిమిడి సంబంధం దాదాపు కుదిరింది. నేను ఎవరికీ చెప్పకుండా మా ఆరేళ్ళ బాబును ముగ్గు గీత మీద నడిపించి చూస్తున్నాను. ఈ పరీక్షలతో నిజంగా తెలుస్తుందా? పెళ్ళివాళ్ళకు చెప్పాలా? మా అమ్మా నాన్నా మేనరికం. దానివల్లే వచ్చిందా?

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ తమ్ముడి గురించి దిగులేసింది, రెండోసారి మీ గురించి. ఆ సంగతికి తర్వాత వస్తాను. మీ తమ్ముడికి ఈ రాత్రే చెప్పాల్సిన మాట ఒకటుంది, ముందు అది చెబుతాను.

కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద ఎనిమిది సెకన్లకు తూలిపోవడం జబ్బు లక్షణం కాదు. నలభై లోపు ఆరోగ్యంగా ఉన్న మనిషి కళ్ళు తెరిచి ఒంటికాలి మీద అర నిమిషం పైనే నిలబడగలడు. అదే మనిషిని కళ్ళు మూసుకోమంటే పది పదిహేను సెకన్లలో, ఇంకా ముందే కూడా, రెండో కాలు కింద పెట్టేస్తాడు. మీ ఆయనను, పక్కింటి కుర్రాళ్ళను నిలబెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. 2022లో బ్రెజిల్ పరిశోధకులు 51 నుంచి 75 ఏళ్ళ వాళ్ళను ఒంటికాలి మీద పది సెకన్లు నిలబెట్టి, నిలబడలేనివాళ్ళలో తర్వాతి ఏళ్ళలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని చెప్పారు. ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. అందులో వాళ్ళు కళ్ళు తెరిచే నిలబడ్డారు. ఆ అధ్యయనం వంశపారంపర్య జబ్బుల గురించి కూడా కాదు. ఇలాంటివి ఫోన్‌లోకి వచ్చేసరికి ఒకదానికొకటి కలిసిపోయి, 27 ఏళ్ళ కుర్రాడికి రాత్రి నిద్ర లేకుండా చేస్తాయి.

ఇంకో సంగతి. అతను రంగుల పని చేస్తాడన్నారు. పగలంతా నిచ్చెన మీద నిలబడి, గాలి ఆడని గదిలో ఎనామిల్ రంగు, థిన్నర్ వాసన పీల్చి ఇంటికొచ్చిన మనిషికి తల తేలినట్టుండటం సహజం. థిన్నర్లలో ఉండే టొలీన్ లాంటి ద్రావకాలు ఏళ్ళ తరబడి ఎక్కువగా లోపలికి వెళితే చిన్నమెదడును కూడా దెబ్బతీస్తాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు తన పని ఏమిటో తప్పకుండా చెప్పమనండి. చాలామంది చెప్పరు, డాక్టర్లు కూడా అన్నిసార్లూ అడగరు. కిటికీలు తెరిచి పని చేయడం, మంచి మాస్కు పెట్టుకోవడం మాత్రం ఎవరినీ అడగకుండా రేపే మొదలుపెట్టవచ్చు.

పోనీ బ్యాలెన్స్ పరీక్షలకు అర్థమే లేదా అంటే, ఉంది. నేను ఇన్నేళ్ళుగా నమ్ముకుని చేస్తున్నవి అవే. అవి దేనికి జవాబు చెబుతాయో, దేనికి చెప్పలేవో తెలియకుండా చేస్తేనే మనిషిని నలిపేస్తాయి.

మనం నిటారుగా నిలబడటానికి మూడు చోట్ల నుంచి కబురు అందాలి. కళ్ళ నుంచి ఒకటి, చెవి లోపలి భాగం నుంచి ఒకటి, పాదాలూ కీళ్ళూ పంపేది ఇంకొకటి. ఈ మూడింటినీ కలిపి, ఏ కండరం ఎప్పుడు ఎంత బిగించాలో క్షణక్షణం సరిదిద్దేది తల వెనక కింది భాగంలో ఉండే చిన్నమెదడు. నాన్నగారికి వచ్చిన ఎస్‌సీఏ2 జబ్బులో (ఎస్‌సీఏ అంటే స్పైనోసెరిబెల్లార్ ఎటాక్సియా, అందులో రెండో రకం) క్రమంగా అరిగిపోయేది ముఖ్యంగా అదే. కబుర్లు అందుతూనే ఉంటాయి, సరిదిద్దడం ఆలస్యమవుతుంది. అందుకే అడుగులు ఎడం ఎడంగా పడతాయి, మాట ముద్దవుతుంది, సూదిలో దారం ఎక్కదు. కళ్ళు చకచకా ఒక చోట నుంచి ఇంకో చోటికి దూకలేవు. మనిషి కళ్ళకు బదులు తల తిప్పుకుంటాడు. నాన్నగారి గురించి మీరు రాసిన ఆ ఒక్క వాక్యం చూస్తే చాలు, ఇంటిమనిషి ఎంత శ్రద్ధగా గమనిస్తుందో తెలుస్తుంది. కళ్ళ కదలిక బాగా నెమ్మదించడం ఎస్‌సీఏ2కు ప్రత్యేకమైన గుర్తు.

ఇక్కడ ఆగి మీ తాతగారి గురించి ఒక మాట. సారా తాగిన మనిషిని తూలించేది కూడా చిన్నమెదడు మీద పనిచేసే ఆ మత్తే. అందుకే ఈ జబ్బున్న మనిషి నడక తాగినవాడి నడకలా కనిపిస్తుంది. మీ నాయనమ్మ చెప్పింది నిజం అనుకోవడానికి ఇప్పుడు మీ చేతిలో కాగితం ఉంది. నాన్నగారి రిపోర్టు ఎన్నో భయాలు తెచ్చి ఉంటుంది, కానీ చనిపోయిన ఒక మనిషి మీద పడిన నిందను కూడా అది తుడిచేసింది. ఈ మాట నాన్నగారికి చెప్పండి. చిన్నప్పుడు తండ్రిని అలా అంటుంటే విన్న కొడుకు ఆయన. ఇప్పుడు బజారులో తన వెనకా అదే మాట వింటూ ఉండి ఉంటారు.

ఇక పరీక్షలు. డాక్టరు మిమ్మల్ని పాదాలు దగ్గరగా పెట్టి నిలబడమని, తర్వాత కళ్ళు మూసుకోమని అంటారు. దీన్ని రాంబర్గ్ పరీక్ష అంటారు, 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడి పేరు అది. కళ్ళు తెరిచి ఉన్నప్పుడు బాగా నిలబడి, మూయగానే పడబోతే, ముఖ్యంగా పాదాల నుంచి వచ్చే కబురు సరిగా అందడం లేదని అర్థం, కొన్నిసార్లు చెవి లోపలి నుంచి వచ్చేది. ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నప్పుడు తూలి గోడ పట్టుకునేవాళ్ళుంటారు, అది ఇదే. అందులో బి12 విటమిన్ లోపం లాంటి మందుతో బాగయ్యే కారణాలు ఉంటాయి. చిన్నమెదడు జబ్బులో అయితే మనిషి కళ్ళు తెరిచి ఉన్నా ఊగుతాడు. అంటే మీ తమ్ముడు కళ్ళు మూసుకుని చేస్తున్న పరీక్ష అతను భయపడుతున్న జబ్బును పట్టుకోవడానికి అంత పనికొచ్చేది కూడా కాదు.

చిన్నమెదడును అడగాలంటే నడిపించాలి. మడమకు బొటనవేలు ఆనించి గీత మీద పది అడుగులు వేయించాలి, నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరగమనాలి. నేను మనిషి నడకకంటే మలుపును ఎక్కువ నమ్ముతాను. సూటిగా బాగానే నడిచిన మనిషి వెనక్కి తిరిగేటప్పుడు ఒక అడుగు అదనంగా వేస్తాడు, చేయి గోడ వైపు వెళుతుంది. నాన్నగారికి మొదట్లో ఎక్కడ తూలు వచ్చిందో గుర్తు చేసుకోమనండి. మెట్లు దిగేటప్పుడో, ఎవరో పిలిస్తే చటుక్కున వెనక్కి తిరిగినప్పుడో అయ్యుంటుంది.

ఈ పరిశీలనను అంకెల్లో పెట్టడానికి 2006 నుంచి సారా (SARA, తాగే సారా కాదు) అనే కొలమానం వాడుతున్నారు. నడక, నిలబడటం, కూర్చోవడం, మాట, వేలితో వేలిని వెంటాడటం, ముక్కు నుంచి వేలికి తాకడం, చేతులు గబగబా తిప్పడం, మడమను రెండో కాలి ముంగాలి మీదుగా జార్చడం, మొత్తం ఎనిమిది. సున్నా అంటే ఏ లోపమూ లేదు, 40 అంటే పూర్తిగా మంచాన పడ్డట్టు. సాధారణంగా మూడు, ఆ పైన వస్తే జబ్బు బయటపడినట్టు లెక్క. ఖర్చు లేని పరీక్ష, పావుగంట పని. ఇంకా సన్నగా చూడాలంటే పాదాల కింద ఒత్తిడి కొలిచే పలక ఉంటుంది, మనిషి ఎంత ఊగుతున్నాడో మిల్లీమీటర్లలో చెబుతుంది. నడుముకూ పాదాలకూ చిన్న సెన్సర్లు కట్టి అడుగుకూ అడుగుకూ తేడా ఎంతుందో కూడా చూస్తారు.

వీటితో జబ్బును ముందే పట్టుకోవచ్చా? యూరప్‌లో నాన్నకో అమ్మకో ఎస్‌సీఏ ఉండి తమకు ఇంకా ఏ లక్షణమూ లేనివాళ్ళను ఏళ్ళ తరబడి వెంబడించి చూస్తున్నారు. 2013లో వెలువడిన మొదటి ఫలితాల్లో, ఎస్‌సీఏ1, ఎస్‌సీఏ2 జన్యువు ఉన్నవాళ్ళు లేనివాళ్ళకంటే సమన్వయంలో కొద్దిగా వెనకబడి కనిపించారు, జబ్బు బయటపడకముందే. క్యూబాలో హోల్గిన్ అనే రాష్ట్రముంది. ప్రపంచంలో ఎస్‌సీఏ2 అందరికంటే ఎక్కువగా ఉన్నది అక్కడే. అక్కడి వైద్యులు కూడా కళ్ళ కదలికలో, నడకలో మార్పు ఏళ్ళ ముందే మొదలవుతుందని చూపించారు. ఇది నిజమైన, విలువైన విజ్ఞానం. రేపు జబ్బును నెమ్మదింపజేసే మందు వస్తే, అది పనిచేస్తోందో లేదో తేల్చేది ఇలాంటి కొలతలే.

కానీ ఆ తేడా కనిపించింది గుంపుకూ గుంపుకూ మధ్య. కొత్త బియ్యం బస్తా, పాత బియ్యం బస్తా పక్కపక్కన విప్పితే ఏది ఏదో చెప్పేస్తాం. ఒక్క గింజ తీసి అరచేతిలో పెట్టి అడిగితే చెప్పలేం. మీ తమ్ముడు ఆ ఒక్క గింజ. ఆరోగ్యవంతుల్లోనూ కొంచెం ఎక్కువ ఊగేవాళ్ళుంటారు, జన్యువు ఉండి కూడా ఈరోజుకు చక్కగా నిలబడేవాళ్ళుంటారు. కాబట్టి ఏ బ్యాలెన్స్ పరీక్షా, ఎంత ఖరీదైన యంత్రమైనా, "నీకు నాన్న జన్యువు వచ్చింది" అనిగానీ "రాలేదు" అనిగానీ ఒక మనిషికి చెప్పలేదు. ఈరోజు ఈ శరీరం ఎలా నిలబడుతోందో చెబుతుంది, అంతే.

అందుకని రోజూ చేయడం ఆపమనండి. అలసట, నిద్ర లేకపోవడం, భయం, ఇవన్నీ తూలును పెంచుతాయి. భయపడిన మనిషి చీలమండలు బిగబట్టుకుని నిలబడతాడు, మామూలుగా నిలబడినట్టు ఉండదు. ఒక పద్ధతి చెబుతాను. నరాల డాక్టరో, నరాల జబ్బుల్లో అనుభవమున్న ఫిజియోథెరపిస్టో ఒకరు పూర్తిగా ఒకసారి పరీక్షించి అంకెలు రాసి ఇవ్వాలి. మళ్ళీ ఏడాదికి, వీలైతే అదే మనిషి దగ్గర, చెప్పులు లేకుండా, పగటిపూట, అదే పరీక్ష. పది అడుగుల నడకను, మలుపును పక్క నుంచి ఒకసారి ఎదుట నుంచి ఒకసారి ఫోన్‌లో వీడియో తీసి తేదీతో దాచండి. తీసేటప్పుడు ఒకరు పక్కన నిలబడాలి. రెండు మూడేళ్ళ వీడియోలు పక్కపక్కన పెడితే వచ్చే సమాచారం, రోజూ రాత్రి లెక్కపెట్టే సెకన్లలో రాదు. మధ్యలో మెట్ల మీద కాలు తప్పడం, మాట తడబడటం, రాత్రిపూట పిక్కలు తరచూ పట్టేయడం లాంటివి కొత్తగా మొదలైతే ఏడాది ఆగకుండా వెళ్ళండి. పిక్కలు పట్టేయడానికి వంద కారణాలుంటాయి, అది ఒక్కటే చూసి కంగారుపడొద్దు.

నాన్నకు ఉంది కాబట్టి కొడుక్కి వచ్చే ప్రతి తూలూ అదే అనుకోవడం కూడా ప్రమాదం. బి12, విటమిన్ ఇ, థైరాయిడ్, చెవిలో సమస్య, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ మోతాదు ఎక్కువ కావడం, మద్యం, ఇలా సరిచేయగల కారణాలు చాలా ఉన్నాయి. ముందు అవి చూడమని అడగండి. ఈ జబ్బున్న ఇళ్ళలో వేరే జబ్బులు కూడా వస్తాయి. పెద్దాయన పేరు చెప్పి వాటిని వదిలేసిన సందర్భాలు చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు మేనరికం సంగతి. మీ ప్రాంతంలో ఆశా కార్యకర్తలు సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు కోసం రక్తం తీసుకోవడం చూసే ఉంటారు. 2023 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కూడా ఉంది. ఆ జబ్బు రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ ఇద్దరి నుంచీ లోపం రావాలి. ఒకరి నుంచే వస్తే మనిషి జబ్బు లేకుండా దాన్ని మోస్తాడు. అలాంటి జబ్బుల్లో మేనరికం ప్రమాదాన్ని పెంచుతుంది. తూలు జబ్బుల్లోనూ ఫ్రీడ్రిక్ ఎటాక్సియా అని చిన్న వయసులో మొదలయ్యేది ఒకటుంది, అది ఈ కోవకు చెందుతుంది. ఎస్‌సీఏ2 అలా కాదు. ఒక్కరి నుంచి వస్తే చాలు. 12వ క్రోమోజోమ్ మీద ఏటీఎక్స్‌ఎన్2 అనే జన్యువులో సీఏజీ అనే మూడక్షరాల ముక్క మళ్ళీ మళ్ళీ వస్తుంది. చాలామందిలో 22 సార్లు ఉంటుంది. అది 35, 40 ఇలా పెరిగిపోతే జబ్బు. నాన్నగారికి అలాంటి జన్యువు ఒకటి, మామూలుది ఒకటి ఉన్నాయి. ప్రతి బిడ్డకూ ఆ రెండిట్లో ఏదో ఒకటి వస్తుంది. సగానికి సగం. అమ్మ పరాయి సంబంధమైనా ఇదే జరిగేది. అమ్మగారి మనసులో ఈ అపరాధ భావన ఉంటే తీసేయండి, అమ్మలు ఇలాంటివి పైకి చెప్పరు.

సగానికి సగం అంటే మీ ఇద్దరిలో ఒకరికి వచ్చి తీరుతుందని కాదు. ఇద్దరికీ రాకపోవచ్చు, ఇద్దరికీ రావచ్చు. తమ్ముడికి వస్తే అక్కకు రాదనే లెక్క లేదు. నాన్న పోలికలు ఎవరికి ఎక్కువ వచ్చాయన్నదానికీ దీనికీ సంబంధం లేదు. ముక్కల సంఖ్య ఎంత పెరిగితే జబ్బు అంత చిన్న వయసులో మొదలవుతుంది, తరం మారేటప్పుడు ఆ సంఖ్య ఇంకా పెరిగే అవకాశమూ ఉంది. ఇవి జన్యు కౌన్సెలింగ్‌లో వివరంగా అడగండి.

ఇప్పుడు మీ గురించి.

మీ ఉత్తరంలో నాన్న ఉన్నారు, తమ్ముడు ఉన్నాడు, బాబు ఉన్నాడు. మీరు లేరు. తమ్ముడికి ఎంత అవకాశముందో మీకూ అంతే ఉంది, ఆ మాట మీరు ఎక్కడా రాయలేదు. బాబుకు ఈ జన్యువు రావాలంటే అది మీ నుంచే రావాలి. మీకు లేకపోతే బాబుకు ఉండే ప్రశ్నే లేదు. ఆ పసివాడి పాదాల దగ్గర మీరు వెతుకుతున్నది మీ ప్రశ్నకు జవాబు అమ్మా. తల్లి మనసు అలాగే పనిచేస్తుంది, తప్పుపట్టడం లేదు. కానీ ఆ జవాబు అక్కడ దొరకదు. ఆరేళ్ళ పిల్లల బ్యాలెన్స్ ఇంకా కుదురుకునే దశలోనే ఉంటుంది. పెద్దవాళ్ళలా గీత మీద నడవాలంటే పదేళ్ళు దాటాలి. ఆరేళ్ళవాడు ముగ్గు గీత మీద కాస్త తూలినా ఆశ్చర్యపోనవసరం లేదు. ఈ జబ్బు అంత చిన్న వయసులో బయటపడటం చాలా అరుదు. ఆ నడిపించడం ఈ రోజుతో ఆపేయండి. అమ్మ తనను ఎందుకు అలా చూస్తోందో పిల్లలకు అర్థం కాదు, కానీ చూస్తోందని తెలుస్తుంది.

పిల్లలకు జన్యు పరీక్ష కూడా చేయించకండి. పెద్దయ్యాక వచ్చే, ఇప్పటికి మందు లేని జబ్బులకు లక్షణాలు లేని పిల్లలను పరీక్షించకూడదన్నది ప్రపంచమంతటా వైద్యులు పాటిస్తున్న నియమం. ఆ నిర్ణయం ఆ పిల్లాడు 18 దాటాక తనకు తానుగా తీసుకోవాలి.

పెద్దవాళ్ళకు కూడా ఇది బలవంతం కాదు. తెలుసుకునే హక్కు ఎంత ఉందో, తెలుసుకోకుండా ఉండే హక్కూ అంతే ఉంది. ఇలాంటిదే హంటింగ్టన్ అనే జబ్బు జన్యువును 1993లో కనిపెట్టారు. అప్పటి నుంచి పరీక్ష ఉన్నా, ప్రమాదంలో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది చేయించుకోవడం లేదు. అది పిరికితనం అని నేను అనను. తెలుసుకున్నాక మరిచిపోవడం ఉండదు. మరోవైపు, సగం సగం అనే ఉయ్యాల మీద బతకడంకంటే ఏదో ఒకటి తెలిస్తే మేలనుకునేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళదీ సరైనదే. మీ తమ్ముడు ఎటువైపో అతనే చెప్పాలి. మీరు కాదు, పెళ్ళివాళ్ళు కాదు, నేనూ కాదు. భయంతో నిద్ర లేని వారంలో మాత్రం ఈ నిర్ణయం తీసుకోవద్దు.

చేయించుకోవాలనుకుంటే ముందు జన్యు కౌన్సెలింగ్‌కు వెళ్ళాలి. రక్తం ఇచ్చే ముందు ఒకసారైనా కూర్చుని మాట్లాడాలి, కొంత వ్యవధి తీసుకోవాలి. ఫలితం ఫోన్‌లో కాకుండా ఎదుట కూర్చుని వినాలి, పక్కన తనవాళ్ళు ఒకరుండాలి. మధ్యలో ఎప్పుడైనా వద్దనుకునే స్వేచ్ఛ ఉండాలి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇలాంటి కుటుంబాలను చూసిన అనుభవముంది. మొదటి పరీక్షకు అంత దూరం అక్కర్లేదు. మీకు నౌపడ మీదుగా రైలుంది, వైజాగ్ కేజీహెచ్‌లో నరాల విభాగానికి వెళ్ళవచ్చు, బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. నాన్నగారి జన్యు రిపోర్టు జిరాక్సు తప్పనిసరిగా తీసుకెళ్ళండి. దానివల్ల డబ్బు కూడా మిగులుతుంది. కుటుంబంలో ఏ జబ్బో తెలిసినప్పుడు ఆ ఒక్క జన్యువులో ముక్కల సంఖ్య లెక్కిస్తే సరిపోతుంది. ఎవరైనా అన్ని జన్యువులూ ఒకేసారి చూసే ఎగ్జోమ్ పరీక్ష రాస్తే, "ఎస్‌సీఏ2 రిపీట్ లెక్క ఇందులో వస్తుందా?" అని అడగండి. మామూలు ఎగ్జోమ్ పరీక్షలు ఇలాంటి పెరిగిన ముక్కలను సరిగా పట్టుకోలేవు. వేలు ఖర్చుపెట్టి "ఏమీ లేదు" అనే కాగితంతో తిరిగి వస్తే అది తప్పుడు ధైర్యం అవుతుంది.

పెళ్ళి విషయం. చెప్పాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. అయితే ఏం చెప్పాలన్నది ముఖ్యం. "మా నాన్నకు వంశంలో వచ్చే నరాల జబ్బుంది, నాకు రావచ్చు, రాకపోవచ్చు, సగం సగం" అని, అంతే. అది నిజం, మొత్తం నిజం. పరీక్ష చేయించుకుని కాగితం తెమ్మని ఎవరైనా షరతు పెడితే దానికి తలవంచాల్సిన పని లేదు. మధ్యవర్తి చేత కాకుండా, పెద్దలందరి ముందూ కాకుండా, మీ తమ్ముడు ఆ అమ్మాయికి స్వయంగా చెబితే మంచిది. కావాలంటే ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళవచ్చు. పుట్టబోయే బిడ్డ విషయంలో ఏ దారులున్నాయో అక్కడ చెబుతారు. గర్భంలో ఆడా మగా చూడటం 1994 చట్టం ప్రకారం నేరం, కానీ ఇలాంటి జన్యు జబ్బు కోసం గుర్తింపు ఉన్న కేంద్రంలో పరీక్షకు అదే చట్టం అనుమతిస్తుంది. ముహూర్తం రెండు నెలలు వెనక్కి జరిగితే కొంప మునగదు. దాచి చేస్తే, పెళ్ళి పందిట్లో నాన్నగారు నాలుగడుగులు వేసేసరికి పర్లాకిమిడి నుంచి పాతపట్నం దాకా అందరూ మాట్లాడుకుంటారు. అప్పుడు ఆ అమ్మాయికి కలిగే బాధ జబ్బు గురించి కాదు, తనకు చెప్పలేదన్నదాని గురించి. చెప్పినందుకు సంబంధం తప్పిపోవచ్చు. ఆ నొప్పి చిన్నదని నేను అనడం లేదు. అలాగే, మీవారికి ఇదంతా ఎంతవరకు తెలుసో మీ ఉత్తరంలో లేదు. ఆయనతో కూడా కూర్చుని మాట్లాడండి, ఒక్కరే మోయకండి.

తమ్ముడి పని ఇప్పుడే మానిపించనవసరం లేదు. పరీక్షలో ఏదైనా తేడా కనిపిస్తే మాత్రం ఎత్తుల మీద పని ఆపేసి కింది గోడలు చూసుకోవాలి. మద్యం అలవాటు ఉంటే మానమనండి. చిన్నమెదడు విషయంలో ఇప్పటికే ఒక ప్రశ్న ఉన్న కుటుంబంలో ఇంకో బరువు ఎందుకు?

నాన్నగారికి చేయగలిగింది ఏమీ లేదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. జబ్బును ఆపే మందు ఇంకా లేదు, నిజమే. కానీ 2009లో జర్మనీలో చిన్నమెదడు జబ్బులున్నవాళ్ళకు నాలుగు వారాలు గట్టిగా సమన్వయ వ్యాయామాలు చేయిస్తే నడక, బ్యాలెన్స్ మెరుగుపడ్డాయి. ఇంట్లో కొనసాగించినవాళ్ళకు ఆ లాభం ఎక్కువ నిలిచింది. ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని రోజూ చేయించండి, పక్కన మీ తమ్ముడిని నిలబెట్టండి. అతనికీ ఆ వ్యాయామం మంచిదే, రాత్రిపూట సెకన్లు లెక్కపెట్టడానికి బదులు చేతికి ఒక పని దొరుకుతుంది. స్నానాల గదిలో, గుమ్మం దగ్గర పట్టుకోవడానికి కమ్మీలు బిగించండి. నీళ్ళు తాగేటప్పుడు దగ్గు వస్తుంటే డాక్టరుకు చెప్పండి, మింగడంలో ఇబ్బంది మొదలైందేమో చూడాలి. అంతవరకు నిటారుగా కూర్చుని, గడ్డం కొంచెం కిందికి వంచి, చిన్న చిన్న గుక్కలు తాగమనండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో దీర్ఘకాలిక నరాల జబ్బులు కూడా ఉన్నాయి. వైకల్య సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి, ఎలాగో జిల్లా ఆసుపత్రిలో అడగండి. అది వస్తే మీ రాష్ట్రంలో మధుబాబు పెన్షన్‌కు కూడా అడగవచ్చు. రిపోర్టులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫోన్‌లోనూ ఫొటో తీసి ఉంచండి. ఒడియా డాక్టరు దగ్గరికి వెళ్ళినా తెలుగు డాక్టరు దగ్గరికి వెళ్ళినా "ఎస్‌సీఏ2, నాన్నకు 43 ఏళ్ళకు మొదలైంది, తాతకూ ఉండేది" అన్న మూడు ముక్కలు మొదటి నిమిషంలోనే చెప్పండి.

వైజాగ్ వెళ్ళి వచ్చాక నాకు మళ్ళీ రాయండి. ఈసారి మీరు ఎలా ఉన్నారో కూడా రాయండి.